మంచు కరిగేదాకా ఆగమన్నారు

డిసెంబర్ 7

ఇళ్లు అమ్మిపెట్టే ఆఫీసు నుంచి హిరాగా అనే అమ్మాయి వచ్చింది. ముప్పై దాటి ఉండవు. గుమ్మం బయటే నిలబడి, బూట్లకున్న మంచు పూర్తిగా రాలేదాకా కాళ్లు కొట్టుకుని అప్పుడు లోపలికొచ్చింది. అక్కడే నాకు నచ్చింది. ప్రతి గదీ టేపుతో కొలిచింది. మెట్ల కింద గూట్లోకి కూడా తల దూర్చి చూసింది. చివరికి టీ తాగుతూ, "ఇల్లు మంచిదేనండీ మసుమిగారూ, కాలమే మంచిది కాదు. ఏప్రిల్ దాకా ఆగండి. మంచు కరిగి, పెరడు బయటపడి, ఆ వెనక కొండ పచ్చబడిందంటే ఫొటోలు చూసే వస్తారు జనం. ఇప్పుడు చూపిస్తే వాళ్లకి ముందు కనపడేది చాకిరీ" అంది.

ఆయన కొతాత్సు దగ్గర, ఆ హీటరున్న పొట్టి బల్ల మీది దుప్పట్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆ అమ్మాయి ఆయన వైపు తిరిగేసరికి, "అమ్మకానికి పెట్టింది ఆవిడ. ఆవిడతోనే మాట్లాడు" అన్నారు.

ఇల్లు ఆయన పేరునే ఉంది. సంతకం ఆయనదే కావాలి. చేస్తాననీ అనరు, చెయ్యననీ అనరు.

ఎందుకు అమ్ముతున్నారని హిరాగా అడిగింది. చెప్పాను. ఆయనకి తుంటి విరిగింది. కర్ర లేనిదే నడవలేరు. కప్పు మీది మంచు తీసే మనిషి ఇంట్లో లేడు. పిల్లల్లేరు.

కారణం మంచే. ఇంకేం లేదు.

డిసెంబర్ 9

మంచు ఒత్తిడికి అద్దాలు పగలకుండా కింది కిటికీలకి పలకలు బిగించడం అయిపోయింది. ఇంక మార్చి దాకా వంటింట్లో పగలు కూడా లైటే.

డిసెంబర్ 15

కినుయో వదిన వచ్చింది. ఎదురిల్లే. ఆయనకి అక్క, డెబ్భై రెండేళ్లు. ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది కాబట్టి పుట్టింటిని జీవితమంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. ఆకుకూర ఊరగాయ గిన్నె బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"ఏమే మసుమీ, ఇల్లు సంతలో పెట్టావటగా?"

"ఆయనకి చెప్పే పెట్టాను వదినా."

"వాడికేం తెలుసు? పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్లు పెట్టింది తినడం, తిన్నాక బండెక్కి రోడ్డు మీద మంచు తొయ్యడం, అంతే వాడి లోకం. అది మా నాన్న కట్టిన ఇల్లు. ఆ దూలాన్ని కొండ మీద నుంచి మంచు మీద లాక్కొచ్చారు. నాకు ఆరేళ్లప్పుడు, నేను చూశాను. మీ ఊళ్లో సముద్రం తప్ప ఏముంది, దూలం విలువ నీకెలా తెలుస్తుంది?"

ముప్పై మూడేళ్లయింది నేను సకాతా నుంచి ఇక్కడికొచ్చి. ఇంకా "మీ ఊళ్లో" అనే అంటుంది.

"అయితే మీ అబ్బాయిని పంపండి వదినా, కప్పు మీద మంచు తీసిపెడతాడు" అన్నాను.

వాళ్లబ్బాయికి నడుం నొప్పి. ఊరందరికీ తెలుసు. ఆవిడ బూట్లేసుకుని వెళ్లిపోయింది. అనకుండా ఉండాల్సింది.

ఊరగాయ మాత్రం బాగుంది.

డిసెంబర్ 22

నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య డెబ్భై సెంటీమీటర్లు పడింది. మా ఒబానాజావాలో ఇదేం వింత కాదు గానీ డిసెంబర్‌లోనే ఇంతంటే ఎక్కువే.

తెల్లవారగానే మునిసిపాలిటీ బండి వీధిలో మంచు తోసుకుంటూ వెళ్లింది. ఆయన మేడ మీద కిటికీ దగ్గర నిలబడి చూశారు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ బండి నడిపిన మనిషి. "బ్లేడు అంత దించకూడదురా నాయనా, రాయి తగుల్తుంది. అదిగో. అదిగో చూశావా" అని అద్దంతో మాట్లాడుతున్నారు. కొత్త డ్రైవర్‌కి వినపడుతుందా ఏమిటి!

కప్పు మీది మంచు తీసేవాళ్లకి ఫోన్ చేశాను. జనవరి పది దాటితే గానీ రాలేమన్నారు. లోపలి గది తలుపు జరగడానికి మొండికేస్తోంది. పైన బరువు పెరుగుతోందన్నమాట.

డిసెంబర్ 31

ఏడాది చివరి రాత్రి తినే సోబా నూడుల్స్ తిన్నాం. ఆయన, "వచ్చే ఏడు ఎక్కడ తింటామో" అన్నారు. నేను, "ఉల్లికాడలు ఇంకొంచెం వేయనా" అన్నాను.

జనవరి 6

హిరాగా ఫోన్. ఒక జంట ఇల్లు చూస్తామంటున్నారట. షిజువోకా వాళ్లు. అతని పేరు షోతా. ఏప్రిల్ నుంచి ఇక్కడ ఒక రైతు దగ్గర పుచ్చకాయల సాగు నేర్చుకోబోతున్నాడు. భార్య పేరు నాగిసా, ఐదో నెల. మంచు అంటే టీవీలో చూడటమేనట ఇద్దరూ.

"వసంతం దాకా ఆగమన్నాను, వాళ్లకి కుదరదట. ఇరవై ఐదున వస్తారు. మీరు ఒకటి చెయ్యండి, ఈలోపు కప్పు శుభ్రం చేయించి ఉంచండి. ఇంకా... మీవారి కాలి సంగతి. అడిగితే చెప్పండి. మనంతట మనం ఎత్తడం ఎందుకు?"

అబద్ధం చెప్పమనలేదు. అడగనిది చెప్పకపోవడం అబద్ధం కాదు.

అడగనిది చెప్పకపోవడం అబద్ధమేం కాదు కదా.

జనవరి 11

మనుషులొచ్చి కప్పు మీది మంచు తీశారు. ఇద్దరు. అందులో చిన్నవాడికి అరవై ఎనిమిది. వాళ్లు పైన ఉన్నంతసేపూ నేను బయటే నిలబడ్డాను. "లోపలికెళ్లమ్మా, గడ్డకట్టుకుపోతావు" అని వాళ్లే కేకేశారు. వెళ్లలేదు.

లోపలి తలుపు ఇప్పుడు ఒక్క వేలితో జరుగుతోంది.

జనవరి 18

ఏడాదైంది.

లోపలికి వెళ్లింది ఐదు నిమిషాలే. ఫోన్ మోగింది కాబట్టి వెళ్లాను.

జనవరి 20

నేను పనిచేసే స్కూల్ వంటింట్లో ఇవాళ క్యాబేజీ తరుగుతూ తోటి వంటావిడ కిమికో ఏదో అంటే అందరం నవ్వాం. నా నవ్వు నాకే వినపడి నోరు మూసుకున్నాను. ఆ రోజు ఫోన్ చేసిందీ కిమికోనే. హెడ్‌మాస్టర్ గారి విగ్గు సంగతి చెప్పడానికి. ఆ పిచ్చిదానికి ఈ ముక్క తెలియదు. తెలియనివ్వను కూడా.

ఐదు కాదు. పది ఉంటుంది.

జనవరి 25

చాలా రాయాలి ఇవాళ. 

గురువారం నుంచి మళ్లీ ఆగకుండా పడుతోంది. కప్పు శుభ్రం చేయించిన ఆనవాలే లేదు. పదకొండు గంటలకి హిరాగా కారులో వాళ్లని తీసుకొచ్చింది. షోతా దిగుతూనే చూరు వైపు తలెత్తి, "అబ్బ, ఎంత బాగుందో" అన్నాడు. ఆ మాట మా వీధిలో ఎవరూ అనగా వినలేదు నేను. నాగిసా మాత్రం కారు తలుపు పట్టుకుని, ఎక్కడ కాలు పెట్టాలా అని చూస్తూ నిలబడింది. వెళ్లి చెయ్యి అందించాను.

ఆయన నోరు విప్పరనే అనుకున్నాను. షోతా వీధి అంచున ఇనప మూత చూసి అదేమిటని అడిగాడో లేదో, కర్ర తీసుకుని లేచారు. "రా, చూపిస్తా" అని బయటికి నడిచారు. వంటింట్లోకి వినపడుతూనే ఉంది ఆయన గొంతు.

"ఇది కాలవ. మన వీధికి తొమ్మిది నుంచి పదింటి దాకా నీళ్లొదుల్తారు. ఆ గంటలో ఎంత మంచు తోస్తే అంత కొట్టుకుపోతుంది. నీ వాటా ఇక్కడి దాకా. ఇది దాటి ఎదురింటి వాటాలో తోశావో, మా అక్క నిన్నే తోసేస్తుంది కాలవలో."

"నిజంగానా బాబాయిగారూ?"

"నన్ను తోసింది. నాకప్పుడు పన్నెండేళ్లు."

కొనకుండా బెదరగొడుతున్నారా, పని నేర్పుతున్నారా, నాకు అంతు చిక్కలేదు. ఏడాదిలో ఆయన ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం వినలేదు.

నాగిసా వంటింట్లో నా దగ్గరే ఉండిపోయింది. హిరాగా ఒక మూల టీ పట్టుకుని కూర్చుంది. పులియబెట్టిన సోయా గింజలతో నత్తో పులుసు కాచాను. ఆ వాసనకి ముక్కు మూసుకుంటుందేమో అనుకుంటే రెండు గిన్నెలు తాగింది. వాళ్లదీ సముద్రం ఒడ్డు ఊరేనట. "మాదీ అంతేనమ్మా" అన్నాను. తర్వాత లేచి అటూ ఇటూ తిరుగుతూ లోపలి తలుపు లాగింది.

"పిన్నిగారూ, ఇది పట్టేస్తోందేం?"

"పాతది కదమ్మా."

అది అబద్ధం. అడిగినదానికి చెప్పిన అబద్ధం.

"కప్పు మీది మంచు ఎవరు తీస్తారు?"

"మనుషులొస్తారు."

"బాబాయిగారి కాలికి ఏమైంది?"

"జారి పడ్డారు."

"ఎక్కడ?"

"మంచులో" అన్నాను. హిరాగా టీకప్పులోకి చూస్తోంది. నాగిసా తలుపు వదిలేసింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది.

"తప్పుగా అనుకోకండి పిన్నిగారూ, ఒక్కటి అడుగుతాను. నేను మీ కూతుర్నయితే ఈ ఇల్లు కొననిస్తారా?"

నాకు కూతుళ్లు లేరమ్మా అందామనే నోరు తెరిచాను.

"పడింది ఈ కప్పు మీద నుంచే" అన్నాను. ఇంక ఆగలేదు. "ఆ తలుపు పట్టేసేది పాతదై కాదు, పైన బరువుకి. శీతాకాలంలో నాలుగైదు సార్లు ఎక్కాలి. ఒకళ్లు పైన ఉంటే ఒకళ్లు కింద నిలబడి కనిపెట్టుకుని ఉండాలి. పోయిన జనవరిలో ఆయన పైన ఉన్నారు, కింద ఉండాల్సింది నేను. ఫోన్ మోగితే లోపలికెళ్లాను. ఇరవై రెండు నిమిషాలు. తర్వాత ఫోన్‌లో చూసుకున్నాను, అందులో ఉంది. ఇరవై రెండు నిమిషాలు ఫోన్‌లో నవ్వుతూ కూర్చున్నాను. బయటికొచ్చేసరికి ఆయన చంకల దాకా మంచులో కూరుకుపోయి ఉన్నారు. పెదవులు నల్లబడిపోయాయి. అరిచారట. మంచులో గొంతు వినపడదమ్మా. నాకు వినపడలేదు."

ఆ మాట అనేశాక చూశాను. ఆయన గడప దగ్గర నిలబడి ఉన్నారు. భుజాల మీద మంచు అలాగే ఉంది. వెనక షోతా.

"తాడు నేనే విప్పాను" అన్నారు.

నేను విననట్టున్నాను. మళ్లీ అన్నారు.

"కప్పు చివరి మూల దాకా తాడు అందలేదు. ఇంక రెండడుగులే కదా అని నడుం దగ్గర కొక్కెం నేనే తీసేశాను. అప్పటికి నువ్వు ఇంకా కిందే ఉన్నావు. నాకు కనపడుతూనే ఉన్నావు. నువ్వు లోపలికెళ్లినా, వెళ్లకపోయినా నేను పడేవాణ్ణే."

 పొయ్యి మీద పులుసు పొంగుతుంటే నాగిసానే లేచి ఆపింది.

చీకటి పడకముందే బయల్దేరారు. హిరాగా బూట్లు తొడుక్కుంటూ నా చెయ్యి పట్టుకుని, "నేను మీకు అలా చెప్పి ఉండాల్సింది కాదు" అని మెల్లిగా అంది. బేరం పోయిందని ఆ పిల్ల మొహంలో కోపమైతే లేదు.

జనవరి 26

ఆయనతో మాట్లాడలేదు.

జనవరి 27

మాట్లాడలేదు. అన్నం పెట్టాను.

జనవరి 30

మాట్లాడాను. అరిచాను అనాలేమో.

"ఏడాది పాటు ఆ కప్పు వంక తలెత్తి చూడలేకపోయాను నేను. మీకు తెలియదా?"

"నువ్వు అలా అనుకుంటున్నావని నాకెలా తెలుస్తుంది?"

"తెలియదా?"

ఆయన కమలాపండు ఒకటి తీసుకుని తొక్క వలవడం మొదలుపెట్టారు. అంతా వలిచి, తొనల మీది పీచు కూడా ఒక్కొక్కటే తీసి, తినకుండా అలాగే పెట్టి, "తెలుసు" అన్నారు.

హాస్పిటల్లో మొదటిరోజే ఎవరో, "తాడు తెగిందా తెత్సురో గారూ?" అని అడిగారట. ఊ అన్నారట. "ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఊళ్లో కనపడిన ప్రతివాడికీ తాడు కట్టుకోమని చెప్పినవాణ్ణి. నేనే విప్పుకుని పడ్డానని ఎలా చెప్పను? ఒకసారి ఊ అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను. నువ్వు ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నప్పుడు చెబుదామనుకున్నా. నా మీద జాలితో ఏడుస్తున్నావేమో అని నాకు నేను చెప్పుకున్నా."

"ఊరి ముందు మీ పరువు కోసం నన్ను అలా వదిలేశారు."

"అవును" అన్నారు.

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు అరవడానికి ఏమీ మిగల్లేదు.

క్షమించానా అంటే లేదు. ఇంకొకటి కూడా నిజమే, అదీ రాసిపెడుతున్నాను. నేను బయట ఉన్నా ఆయన పడేవారే, కానీ ఇరవై రెండు నిమిషాలు ముందు లాగేదాన్ని. దాన్ని ఆయన తాడు మాట తుడిచెయ్యలేదు. ఇద్దరి తప్పూ ఉంది. సగం సగం అని కొలవలేను గానీ, మొత్తం నాదే అని మొయ్యడం కంటే ఇది వేరేగా ఉంది.

ఆ కమలాపండు పొద్దున్న నేనే తిన్నాను.

ఫిబ్రవరి 3

హిరాగా ఫోన్. వాళ్లు ఇంకా కింద, మంచు తక్కువ పడే చోట చూసుకుంటారట. నాగిసా వాళ్లమ్మ భయపడిందట. భయపడదూ మరి.

ఫిబ్రవరి 9

లోపలి తలుపు నిన్నటి నుంచి అస్సలు కదలడం లేదు. నాలుగిళ్ల అవతల గొడ్ల షెడ్డు కూలింది. మనుషులు ఇరవయ్యో తారీకు దాకా రాలేమన్నారు. అప్పటిదాకా దూలం ఆగుతుందో లేదో.

పొద్దున టిఫిన్ అయ్యాక, "నేను ఎక్కుతాను" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా?"

"మీరు కింద నిలబడండి. ఎలా చెయ్యాలో చెప్పండి."

ఆయన కర్ర పట్టుకుని లేచి, గోడకున్న తాడు తెమ్మన్నారు. నడుముకి ఆయనే కట్టారు. రెండుసార్లు విప్పి మూడోసారి కట్టారు. నిచ్చెన మొదటి మెట్టు మీద రెండుసార్లు కాలు పెట్టి తీసేశాను. ఆయన చూశారు, చూడనట్టు ఊరుకున్నారు.

పైన గాలి లేదు. దిమ్మలు దిమ్మలుగా కోసి కిందికి తొయ్యడమే పని. మొదటి అరగంట భయం. తర్వాత చెమట, ఆకలి. కింది నుంచి ఐదు నిమిషాలకోసారి ఆయన గొంతు, "కొక్కెం చూసుకో!" ఆ గోలకి కినుయో వదిన పార పట్టుకుని బయటికొచ్చింది.

"ఒరేయ్, ఆడదాన్ని కప్పెక్కించి కింద నిలబడి చూస్తున్నావా! సిగ్గులేదూ?"

"నేను దింపితే దిగేలా ఉందా అక్కా? నువ్వే చెప్పి చూడు."

వదిన నా వంక చూసింది. ఏమనుకుందో, నేను తోసిన దిమ్మల్ని కాలవ వైపు లాగడం మొదలుపెట్టింది. డెబ్భై రెండేళ్ల మనిషి. గంటన్నర లాగింది, ఆయన్ని తిడుతూనే.

చివరికి ఆ మూలకి వెళ్లాను. ఏడాదిగా చూడని మూల. తాడు బిగిసి ఆగిపోయింది. నిజమే. రెండడుగులు అందలేదు. అక్కడ నిలబడితే కొక్కెం మీదికి చెయ్యి దానంతట అదే వెళ్తుంది. ఇంత చేశాం, ఇంక ఇంతే కదా అనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంట్లో కూర్చుని తప్పు పట్టినంత తేలిక కాదు అక్కడ.

కింద కేకలు ఆగిపోయాయి. ఆయన నన్నే చూస్తున్నారు.

ఆ మూల మంచు అలాగే వదిలేసి దిగాను.

మూడు గంటలు ఆయన కదల్లేదు. కర్ర మీద బిగుసుకుపోయిన వేళ్లని నేను ఒక్కొక్కటే విప్పాల్సొచ్చింది.

ఫిబ్రవరి 10

చేతులు లేవడం లేదు. స్కూలుకి సెలవు పెట్టాను. ఆయన అన్నం వండారు. మాడింది. తిన్నాను.

ఫిబ్రవరి 16

"ఇల్లు అమ్మొద్దులే" అన్నాను ఇవాళ. నిజంగానే అన్నాను. తల ఎత్తి ఆ కప్పుని చూడగలుగుతున్నాను. డిసెంబర్‌లో ఈ పుస్తకంలో కారణం మంచే అని రాసుకున్నాను. కాదు. నేను పారిపోదామనుకున్నది ఆ మూల నుంచి. ఇప్పుడు ఆ అవసరం లేదు.

"నేను ఎక్కగలను. చూశారుగా."

"చూశాను. నువ్వు ఎక్కగలవు. కింద నిలబడటమే నా వల్ల కాదు." కర్ర గోడకి ఆనించారు. "నువ్వు అంచు వెనక్కి వెళ్లి తల కనపడనప్పుడల్లా నాకు ప్రాణం పోయి వచ్చింది. ఈ కాలుతో నువ్వు పడితే నేను లాగగలనా? పరిగెత్తగలనా? నాన్న ఆ దూలం ఎత్తిన రోజు ఈ ఇంట్లో తొమ్మిది మంది ఉన్నారు. మనం ఇద్దరం. అమ్మేద్దాం మసుమీ."

పెళ్లయ్యాక ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు వేళ్ల మీద చెప్పొచ్చు.

"అయితే ఏప్రిల్ దాకా ఆగుదామా?"

"వద్దు. ఇప్పుడే. కొనేవాళ్లు ఇలాగే చూడాలి."

హిరాగాకి ఫోన్ చేసి, ఫొటోలు మళ్లీ తియ్యమన్నాం. పలకలు బిగించిన కిటికీలు, కాలవ, తాడు అందని మూల, అన్నీ.  ఆ అమ్మాయి, "మా మేనేజర్ నన్ను చంపేస్తాడు" అంది. వచ్చి తీసింది మాత్రం.

ఫిబ్రవరి 24

నాగిసా ఫోన్ చేసింది. నాకే, నేరుగా.

"పిన్నిగారూ, ఐదిళ్లు చూశాం. అందరూ జూన్ ఫొటోలే చూపిస్తున్నారు. మంచు ఎంత పడుతుందండీ అంటే పెద్దగా ఉండదు అంటారు! బయట చూస్తే కారు కనపడటం లేదు!" పకపకా నవ్వింది. తర్వాత మెల్లిగా, "మీ ఇంటి కొత్త ఫొటోలు చూశాం. అందులో ఏముందో మాకు తెలుసు. మిగతావాటిలో ఏం దాచారో తెలియదు. మళ్లీ రావచ్చా?"

"బాగా ఆలోచించుకో అమ్మా. నీ కడుపులో బిడ్డ ఉంది."

"అందుకే కదా అడుగుతున్నాను. కప్పుకి ఇనప కొక్కేలు ఇంకా వేయించాలి పిన్నిగారూ, తాడు ప్రతి మూలకీ అందేలా. ఆ ఖర్చు మేరకు ధరలో తగ్గిస్తారా?"

ఆయన వైపు చూశాను. ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. "ఆ కొక్కేలు ఎక్కడెక్కడ వెయ్యాలో నేను దగ్గరుండి చెప్తాను" అన్నారు.

మార్చి 8

నాగిసా వాళ్లమ్మని కూడా తీసుకొచ్చారు. ఆవిడ ఇల్లంతా తిరిగి, నన్ను పక్కకి పిలిచి, "మా పిల్ల మొండిది" అంది. "ఇక్కడ అదే కావాలండీ" అన్నాను.

ఆయన సంతకం చేశారు.

మార్చి 29

తాళాలు ఇచ్చేశాం. పెరట్లో ఇంకా నడుం లోతు మంచుంది. ఆయన ఒక్కరే గదులన్నీ తిరిగొచ్చారు. నేను వెనక వెళ్లలేదు. కారెక్కాక ఎదురింటి వైపు చూశాం. వదిన బయటికి రాలేదు. మేడ మీద కిటికీలో కర్టెన్ కదిలింది.

ఏప్రిల్ 6

కింద, తెందో పట్నంలో ఈ ఫ్లాట్‌కి వచ్చి వారం దాటింది. కింది అంతస్తు, రెండు గదులు. ఇక్కడ మంచు ఎప్పుడో పోయింది. పొద్దున్నే లేచి చెయ్యడానికి పనేమీ ఉండదు. ఆయన బస్ స్టాప్ దాకా నడిచి, ఏ బస్సూ ఎక్కకుండా తిరిగొస్తారు.

మధ్యాహ్నం కినుయో వదిన ఫోన్. మేం వచ్చేశాక ఇదే మొదటిసారి.

"ఆ పిల్లకి బొత్తిగా ఏమీ తెలియదే మసుమీ! కిటికీ పలకలు పీకి వరండాలో తడిగానే పేర్చింది. కుళ్లిపోవూ? వెళ్లి తిట్టొచ్చాను."

"అప్పుడే తిట్టారా వదినా?"

"తిట్టక? ఎనిమిదో నెల మనిషి పలకలు మోస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా? కూర్చో అని నేనే మోశాను. రేపటి నుంచి కూర కూడా నేనే పంపుతానన్నాను. ఆ అబ్బాయున్నాడే, అత్తయ్యగారూ అత్తయ్యగారూ అని నా వెంటే తిరుగుతాడు. కాలవ గంట తప్పకుండా వచ్చి నిలబడుతున్నాడు, ఇప్పుడు వీధిలో తొయ్యడానికి ఏముందిరా అంటే అలవాటు చేసుకుంటున్నాడట! వెర్రివాడు."

ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. ముప్పై మూడేళ్లు నేను మోస్తుంటే ఆవిడ ఎప్పుడైనా ఒక్క పలక అందుకుందా? అంట్లన్నీ తోమేశాను, తోమినవే మళ్లీ తోమాను. అప్పుడు తెలిసింది, ఇది అసూయ అని. ఇల్లు ఇచ్చినందుకు బాధ లేదు. ఆ తిట్లు ఇంక నావి కావు, అదీ సంగతి.

ఆయనకి చెప్పాను. ఈ మధ్య ఇలాంటివి చెప్పేసుకుంటున్నాం. గట్టిగా నవ్వారు. ఈ ఇంట్లో ఆయన నవ్వు ఇదే మొదలు.

"తిట్లు కావాలా నీకు? అయితే పద" అని కర్ర అందుకున్నారు.

కొత్తగా వచ్చినవాళ్లు ఇరుగుపొరుగుకి ఇచ్చే టవళ్లు, మూడు పొట్లాలు కట్టి గుమ్మం దగ్గర పెట్టి వారమైంది. రోజూ రేపు ఇద్దాం అనుకోవడమే. వాటిలో ఒకటి ఆయనే తీశారు. పక్క ఫ్లాట్ తలుపు తట్టాం. లోపల రేడియో గోల ఆగింది. ఎనభై ఏళ్ల ఆవిడ తలుపు తీసి మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

"గోడ అవతల ఉన్నవాళ్లు ఇటు రావడానికి వారం పట్టిందా?" అంది. "నిలబడ్డారేం? లోపలికి రండి, చలిగాలి వస్తోంది."